సెలవులు బడికే – కడుపుకూ లేవు, వదినకూ లేవు

మే నెల. పొద్దుగాల నాలుగున్నర. చర్ల తొవ్వ ఇడిసి అడవి లోపటికి పోతే వచ్చే ఒక చిన్న గూడెం. రేకుల షెడ్డు ముంగట మూడు రాళ్ల పొయ్యి, దాని మీద పెద్ద గంజు. షెడ్డుల అరవై మంది దాక పిల్లలు చాపల మీద పండుకున్నరు. పొయ్యి కాడ ఒక్కతే ఆడమనిషి. కట్టెలు పచ్చిగ ఉన్నయ్, పొగకు కండ్లెంబడి నీళ్లు కారుతున్నయ్. ఇంకో గంటకు ఆమె పెనిమిటి లేస్తడు. గంట కొట్టి పిల్లలను లేపుతడు. ప్రార్థన చేయిస్తడు, పాటలు పాడిస్తడు, కథలు చెప్తడు. పది దినాలైనంక ముగింపు మీటింగుల ఒక పెద్దాయన మైకు పట్టుకుని "అన్న చేసిన సేవ" అని మెచ్చుకుంటడు. అన్నకు శాలువా కప్పుతరు. గప్పుడు వదిన ఏడున్నది? షెడ్డు ఎనుక బోళ్లు తోముతున్నది.

ఇది నేను కండ్లార చూసిన ముచ్చట. ఊరి పేరు, వాళ్ల పేర్లు రాస్తలేను. వాళ్లు మంచోళ్లు, వాళ్లను బజార్ల పెట్టుడు నా పని గాదు. నేను చర్చికి పోయేటోన్ని గాదు, గుడికి పోయేటోన్ని గాదు. సంఘాల తిరిగి, ఆఫీసుల దొరికిన పుస్తకాలు చదివి నేర్చుకున్నోన్ని. గిరిజన పిల్లల బడుల సంగతి చూద్దామని పోయి, ఆ క్యాంపుల నాలుగు దినాలు ఉన్న. గప్పటి సంది ఒక్క ప్రశ్న నన్ను ఇడుస్తలేదు. సెలవులు, సెలవులు అంటున్నం గదా, అవి ఎవరికి వచ్చినయ్?

ముందుగాల ఈ క్యాంపు ఏందో చెప్త

మన ఖమ్మం, కొత్తగూడెం దిక్కు ఊర్లల్ల ఎండకాలం రాంగనే చర్చిలల్ల "సెలవుల బైబిలు బడి" పెడతరు. చాన మంది వీబీఎస్ అంటరు. ఐదు దినాల నుంచి పది దినాల దాక ఉంటది. పాటలు, ఆటలు, ఒక కథ, ఒక కంఠత వాక్యం, ఆఖరు దినం బహుమతులు. టౌన్ల అయితే పొద్దుగాల పోయి మధ్యాహ్నానికి ఇంటికొస్తరు. అడవి దిక్కు గూడేలు దూరం దూరం ఉంటయ్ గనుక పిల్లలు ఆడనే ఉండాలె, ఆడనే తినాలె. గందుకే అది క్యాంపు అయితది. క్యాంపు అంటే వంట, నీళ్లు, పడక, జరమొస్తే మందు, రాత్రి భయపడి ఏడ్చే పిల్లను సముదాయించుడు. పాట పాడుడు దాంట్ల ఒక చిన్న ముక్క మాత్రమే.

ఈ పద్ధతి మనకాడ పుట్టింది గాదు. 1898ల న్యూయార్క్ పట్నంల ఎలైజా హాస్ అనే ఆమె, ఎండకాలం వాడలల్ల ఊకె తిరిగే పేద పిల్లల కోసం సారా దుకాణం ఒకటి కిరాయికి తీసుకుని రోజూ బైబిలు బడి నడిపింది. మొదటి మొదటి వాటిల్ల అదొకటి. తర్వాత 1901 సంది రాబర్ట్ బోవిల్ అనే ఆయన దాన్ని వేరే చర్చిలకు పాకించిండు. పద్ధతి ఆయన పేరు మీద పెద్దగైంది. ఆమె పేరు పాత రాతల్ల ఎట్లుంటదో ఎరుకేనా? "శ్రీమతి వాకర్ ఐలెట్ హాస్". అంటే పెనిమిటి పేరే. బడి పెట్టింది ఆమె, పేరు ఆయనది.

దుమ్ముగూడెం, డోర్నకల్ ముచ్చట

మన దగ్గరికి వద్దాం. గోదావరి మీద పడవలు పైదాక నడిపియ్యాలని ఆర్థర్ కాటన్ కాలంల ఇంగ్లీషోళ్లు ఆలోచన చేసిన్రు. ఆ పని మీద దుమ్ముగూడెం వచ్చిన హేగ్ అనే ఇంజనీరు 1860ల కాలంల కోయోళ్ల మధ్య మిషన్ పని మొదలు కావడానికి కారణమైండు. తర్వాత జాన్ కెయిన్ అనే పాదిరి వచ్చిండు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద ఆయన 1876 సంది 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికల రాసిన వ్యాసాలు ఇయ్యాల్టికీ పరిశోధన చేసేటోళ్లు చదువుతరు. 1909ల థర్స్టన్ అచ్చేసిన కులాలు తెగల పుస్తకంల కోయల గురించిన రాతకు ఈయన మాటలే ఆధారం. కోయ భాష కష్టపడి నేర్చుకున్నడు.

ఆయన భార్య ఏం చేసింది? దుమ్ముగూడెంల ఆడోళ్లకు లేసు అల్లుడు నేర్పింది. చేతిల నాలుగు పైసలు ఆడే పని అది. దుమ్ముగూడెం లేసుకు పేరు కూడ వచ్చింది. ఆమె మటుకు "మిసెస్ కెయిన్" గానే మిగిలింది. ఆయన ఏం ఆలోచించిండో పత్రికల్ల ఉన్నది. ఆమె ఏం ఆలోచించిందో లేసుల ఉన్నది, అది చదివేటోళ్లు లేరు.

ఇగ డోర్నకల్. ఖమ్మం పక్కనే, గప్పుడు నిజాం రాజ్యం. తిరునెల్వేలి దిక్కు తమిళాయన వి.ఎస్. అజరయ్య, భార్య అన్బుతోని 1909ల ఇక్కడికి వచ్చిండు. వాళ్లది 1898ల కట్నం లేని పెండ్లి. ఆ కాలంల అది చిన్న మాట గాదు. మొదట్ల గుడారంల ఉండి, తెలుగు నేర్చుకుని పని చేసిన్రు. 1912 డిసెంబర్ 29న కలకత్తాల అజరయ్య బిషప్ అయిండు. ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్ ఆయన. 1945 జనవరి 1న చనిపోయే దాక డోర్నకల్ తోనే ఉన్నడు.

డోర్నకల్ పద్ధతిల నాకు నచ్చిన ముచ్చట ఒకటున్నది. ఊర్లకు పంపే ఉపదేశకులకు చదువు చెప్పేటప్పుడు వాళ్ల భార్యలకు సుత చదువు చెప్పిన్రు. ఎందుకంటే ఊర్ల పని ఒక్కడితోని కాదు, జంటగ పోతేనే అయితదని వాళ్లకు ఎరుకైంది. ఆడోళ్ల దగ్గరికి, పిల్లల దగ్గరికి పోయేది ఆమెనే. ఇది నూరేండ్ల కిందటి సంగతి. మరి ఇయ్యాల మనం యాడికొచ్చినం? జంట అన్న మాట మిగిలింది, ఆమెకు నేర్పుడు, ఆమెకు మైకిచ్చుడు చాన కాడ పోయింది. జంటగ పోతరు, పొయ్యి కాడ విడిపోతరు.

ఒక దినం లెక్క

మళ్ల మన అన్న, వదిన దగ్గరికి వద్దాం. అన్న మధిర దిక్కోడు, టౌన్ల ప్రైవేటు బడిల సారు. ప్రైవేటు సార్ల సంగతి మీకెరుకే, శానా బడులల్ల పది నెలల జీతమే. అంటే ఎండకాలం సెలవులంటే ఆయనకు జీతం లేని కాలం. వదిన కోయ బిడ్డ, గూడెంల పుట్టి హాస్టల్ల చదివింది, ఇప్పుడు బట్టలు కుడ్తది. ఏటా మేల మిషను మూలకు పెట్టి, ఇద్దరు పిల్లలను ఎంబడేసుకుని, ఈ క్యాంపుకు వస్తరు. పైసలు ఎవరు ఇయ్యరు. బియ్యం కొంత సంఘపోళ్లు కానుకిస్తరు, నూనె, పప్పు కొంత వీళ్ల జేబుల నుంచే పోతయ్.

ఒక దినం కూసుని నేను గడియారం పట్టుకుని రాసిన. అన్న పొద్దుగాల ఐదున్నరకు లేచిండు, రాత్రి తొమ్మిదిన్నరకు పండుకున్నడు. మధ్యాహ్నం ఎండకు పిల్లలు పడుకున్నప్పుడు ఆయన సుత ఒక గంటన్నర నడుం వాల్చిండు. తప్పేం లేదు, గొంతు పోయేటట్టు పాడతడు పాపం. వదిన నాలుగున్నరకు లేచింది. పొద్దుగాల ఉప్మా, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రి అన్నం చారు. రోజుకు ఇరవై కిలోల దాక బియ్యం ఏరుడు, కడుగుడు, వార్చుడు. బోరింగు కాడికి తిరుగుడు. ఇద్దరు పిల్లలకు కడుపు నొస్తే ఓఆర్ఎస్ కలిపి తాపుడు. ఒక పిల్లకు మొదటిసారి ముట్టయితే పక్కకు తీస్కపోయి చెప్పుడు. ఆ పిల్లకు ఆ దినం బైబిలు కథ యాదికుంటదో లేదో గని, వదిన చెప్పిన ముచ్చట బతుకంత యాదికుంటది. రాత్రి పదకొండుకు ఆడపిల్లలు పండుకున్న కాడ, తలుపుకు అడ్డంగ తాను పండుకున్నది.

"వదినా, లెక్కేస్తే పదహారు గంటలు దాటినయ్" అన్న.

"సేవకు లెక్కేంది మరిదీ, నువ్వొకడివి" అని నవ్వింది. జర సేపాగి మెల్లగ అన్నది, "లెక్క రాసినోడివి నువ్వే మొదలు."

ఇది ఆ ఒక్క ఇంటి ముచ్చట గాదు. మన దేశంల ఎవరు ఏ పనికి ఎంత సేపు పెడుతున్నరో సర్కారోళ్లు సర్వే చేస్తరు. 2024 సర్వేల తేలిందేందంటే, జీతం లేని ఇంటి పని చేసేటోళ్లల్ల ఆడోళ్లు దానికి దినానికి 289 నిమిషాలు పెడుతుంటే మొగోళ్లు 88 నిమిషాలు పెడుతున్నరు. అంటే మూడింతల కన్న ఎక్కువ. ఇంట్ల ఉన్న ఈ లెక్కనే మనం మూటకట్టుకుని క్యాంపుకు తీస్కపోతున్నం. చర్చి క్యాంపే గాదు, గుడి జాతర అన్నదానం చూడున్రి, మా సంఘాల శిక్షణా తరగతులు చూడున్రి. ఉపన్యాసం కాడ మొగోడు, ఉల్లిగడ్డ కాడ ఆడది. నా సంఘం మీటింగులల్ల నేను సుత ఎన్నేండ్లో చాయ్ తాగి గ్లాసు ఆడనే పెట్టి లేచినోన్నే. గందుకే ఈ మాట ఎవరినో ఎత్తిపొడుసుడు గాదు.

వదిన కథ చెప్పిన దినం

మూడో దినం అన్న గొంతు పూర్తిగ పోయింది. మాట వస్తలేదు. కథ ఎవరు చెప్పాలె? గూడెంల ఇద్దరు తల్లులు "వంట మేం చూస్తం, నువ్వు పో" అని వదినను దొబ్బిన్రు. ఆమె చేతులు కొంగుకు తుడ్సుకుంట వచ్చి పిల్లల ముంగట కూసున్నది. తెలుగుల మొదలువెట్టి రెండు మాటలకే కోయ భాషలకు మళ్లింది.

అన్న మంచిగనే చెప్తడు. గని ఆయనకు కోయ రాదు. పిల్లలల్ల చిన్నోళ్లకు, సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయ పిల్లలకు తెలుగు సగం సగమే వస్తది. 2005 సంది ఛత్తీస్‌గఢ్‌ల సల్వాజుడుం గడబిడకు ఇండ్లు ఇడిసి వచ్చినోళ్ల పిల్లలు వాళ్లు. గోడకు ఒరిగి కునికిపాట్లు పడేది వాళ్లే. ఆ దినం వాళ్లు ముందటికి జరిగిన్రు.

ఆమె చెప్పింది తొవ్వల దెబ్బలు తిని పడ్డ మనిషి కథ. పెద్దోళ్లు అందరు పక్కకెల్లి పోతే, పరాయి జాతి మనిషి ఒకడు లేపి, కట్టుకట్టి, సత్రంల దింపి, పైసలు కట్టి పోయిండు. నాకు కోయ సగమే సమజయితది, పక్కనున్న పిలగాడు మిగిలింది చెప్పిండు. కథ అయినంక ఎనిమిదేండ్ల పిల్ల ఒకతి లేచి అడిగింది, "సత్రంల ఆయనకు బువ్వ పెట్టిన్రా?" పెట్టిన్రన్నది వదిన. "వండింది ఎవరు?" అన్నది పిల్ల. అందరు నవ్విన్రు. వదిన సుత నవ్వింది, గని జవాబు చెప్పలే.

నేను ఆలోచించిన. దూర దేశం నుంచి వచ్చిన పాదిరి ఏండ్లకేండ్లు కష్టపడి నేర్చుకున్న భాష, ఈమెకు తల్లి ఒడిల వచ్చింది. అడవి పిల్లలకు చెప్పే క్యాంపుల అందరి కన్న మంచి టీచరు ఈమెనే. ఆమెను మనం పొయ్యి కాడ కూసోబెట్టినం. అన్యాయం ఆమెకే గాదు, నష్టం పిల్లలకు సుత. సేవకు లెక్క అక్కర లేదన్నోళ్లకు ఇది చెప్పుర్రి. లెక్క లేకపోతే ఎవరు ఏ పనికి పనికొస్తరో సుత కనపడదు.

49 దినాల ఆకలి

ఇగ పిల్లల ముచ్చట. గంత ఎండల, నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలల్ల, పిల్లలు క్యాంపుకు ఎందుకొస్తరు? పాటలకు వస్తరు, ఆటలకు వస్తరు, నిజమే. గని బువ్వకు సుత వస్తరు. ఈ మాట చెప్పనీకి సిగ్గెందుకు?

2024ల, 2025ల మన బడులకు ఎండకాలం సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాక ఇచ్చిన్రు. లెక్కేస్తే 49 దినాలు. ఆశ్రమ బడుల్ల పిల్లలకు మూడు పూటలు తిండి ఉంటది, మామూలు బడిల మధ్యాహ్నం పూట ఉంటది. సెలవులు మొదలైన దినమే అది బందు. సరిగ్గ గప్పుడే అడవిల తునికాకు కాలం. తల్లిదండ్రులు చీకటితోనే లేచి అడవికి పోతరు. యాభై ఆకులకు ఒక కట్ట. ఆకు తెంపి, కట్టలు కట్టి, కల్లం కాడికి మోసే సరికి పొద్దు నెత్తి మీదికి వస్తది. పదేండ్ల పిల్ల ఇంటికాడ చిన్నోళ్లను ఆడిపియ్యాలె, లేకపోతే తల్లి ఎంబడి ఆకుకు పోవాలె. గంజి ఉంటే తాగుతరు, లేకపోతే పెద్దోళ్లు వచ్చే దాక ఉంటరు.

ఇది మరిచిపోయి జరిగింది గాదు, చట్టంలనే ఉన్నది. 2013 ఆహార భద్రత చట్టం 5వ సెక్షన్ల, ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు బడిల రోజూ ఒక పూట భోజనం హక్కు అని రాసి, బడి సెలవు దినాలు తప్ప అన్నరు. ఆ రెండు మూడు మాటలల్ల 49 దినాల ఆకలి దాచిపెట్టిన్రు. కాదు, మార్చలేమా అంటే మార్చొచ్చు. 2016 మేల స్వరాజ్ అభియాన్ కేసుల సుప్రీంకోర్టు, కరువు ఉన్న ప్రాంతాలల్ల ఎండకాలం సెలవులల్ల సుత మధ్యాహ్న భోజనం పెట్టాలని చెప్పింది. అంటే మనసుంటే అయ్యే పనే. అడవి అంచు గూడేలకు ప్రతి ఎండకాలం కరువే గదా, మరి ఏటా ఎందుకు పెట్టరు?

సర్కారు ఇడిసిపెట్టిన ఆ జాగలనే అన్న, వదిన గంజు ఎక్కిచ్చిన్రు. వాళ్లు పెట్టుడు గొప్ప సంగతే. గని హక్కుగ రావాల్సిన బువ్వ ఒక వదిన నడుం మీద, ఒక ప్రైవేటు సారు జేబు మీద నడుస్తుంటే దాన్ని చూసి చప్పట్లు కొట్టి ఊకోవద్దు. అది పది దినాలే. మిగిలిన 39 దినాలు ఎవరు పెడతరు?

రెండు దిక్కుల మాటలు

ఈ క్యాంపుల మీద కొట్లాట సుత ఉన్నది. "బువ్వ చూపెట్టి మతం మార్పిస్తున్నరు" అని ఒక దిక్కు, "మంచి పని చేస్తుంటే ఓర్వలేరు" అని ఒక దిక్కు. ఇది పాత లొల్లినే. 1930లల్ల గాంధీకి, అజరయ్యకు మధ్య సుత మతం మార్పిడి మీద గట్టి వాదన నడిచింది. చట్టం ఏమంటదో తెలుసుకుంటే సగం లొల్లి తగ్గుతది. రాజ్యాంగం 25వ అధికరణ ఎవరి మతాన్ని వాళ్లు నమ్మి, ఆచరించి, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ప్రచారం హక్కు అంటే ఇంకొకరిని మార్చే హక్కు గాదని 1977ల స్టానిస్లాస్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ యాదికుంచుకోవాలె.

నా మాట సూటిగ చెప్త. బువ్వకూ ప్రార్థనకూ ముడి పెట్టొద్దు. ప్రార్థన కాడ కూసోని పిల్లకు సుత అదే అన్నం, అదే పప్పు పడాలె. నేనున్న క్యాంపుల గట్లనే పడ్డది. తల్లిదండ్రులకు ఇది బైబిలు క్యాంపు అని ముందుగాల సాఫుగ చెప్పాలె, ఒప్పుకుంటేనే పిల్లను తీస్కపోవాలె. పిల్లల ఇంటి దేవతలను, కొలుపులను తక్కువ చేసి మాట్లాడొద్దు. ఇక ఆపేటోళ్లకు ఒక్క మాట. క్యాంపు బందు పెట్టిస్తే ఆ అరవై మందికి మీరు ఏం వండి పెడతరో సుత చెప్పున్రి.

మీరేం చేయొచ్చు

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీలో శానా మంది ఇసొంటి క్యాంపులకు వాలంటీర్లుగ పోతరు. చర్చిది కావచ్చు, సంఘానిది కావచ్చు, కాలేజీ ఎన్ఎస్ఎస్ ది కావచ్చు. పోయేముందు నాలుగు పనులు చేయున్రి.

ఒకటి, పని చీటీ గోడకు అంటియ్యున్రి. వంట, నీళ్లు, బోళ్లు, రాత్రి కాపలా, కథ, పాట, అన్నీ రాసి ఎవరి వంతు ఎవరిదో పేరు రాయున్రి. మొగ పిలగాండ్ల పేర్లు వంట కాడ లేకపోతే ఆ చీటీ చింపి మళ్ల రాయున్రి.

రెండు, పిల్లల భాష వచ్చినోళ్లకు కథ అప్పజెప్పున్రి. వాళ్లు ఆడోళ్లయినా, పెద్ద చదువు లేనోళ్లయినా సరే.

మూడు, పిల్లల రక్షణ. ఆడపిల్లలకు వేరే జాగ, వాళ్లతోని నమ్మకమైన పెద్దామె ఉండాలె. ఒక్క పిల్లతోని ఒక్క పెద్దమనిషి తలుపేసుకుని ఉండే ముచ్చట అసలే వద్దు. 2012 పోక్సో చట్టం అయ్యగారికైనా, సారుకైనా, సంఘం నాయకునికైనా ఒక్కటే. దగ్గరి ఏఎన్ఎం నంబరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గర పెట్టుకోవాలె. మధ్యాహ్నం ఎండల ఆటలు బందు.

నాలుగు, సెలవుల బువ్వ అడుగుడు. భద్రాచలం ఐటీడీఏల సోమవారం గిరిజన దర్బార్ ఉంటది, కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉంటది. మీ గూడెంల బడికి పోయే పిల్లలు ఎంత మంది, సెలవులల్ల ఎంత మంది ఒక్క పూట తిని ఉంటున్నరు, పేర్లు రాసి దరఖాస్తు పెట్టున్రి. మార్చిలనే పెట్టున్రి, ఏప్రిల్ ఆఖరుల పెడితే సార్లు సుత సెలవుల మీద పోతరు.

ఆ ఏడు ముగింపు మీటింగు అయినంక అన్నతోని ఈ ముచ్చట మాట్లాడిన. శాలువా మడత పెట్టుకుంట చాన సేపు మాట్లాడలే. "నాకు తట్టలే తమ్మీ" అన్నడు. తర్వాతి ఏడు నేను పోలే గని ఫోన్ చేసిన. పొద్దుగాల పూట వంట తాను, ఇద్దరు పిలగాండ్లు చూస్తున్నమన్నడు. మొదటి దినం ఉప్మా అడుగంటి మాడిందట, పిల్లలు మాడిన ఉప్మానే తిన్నరట. పొద్దుగాల కథ వదిన చెప్తున్నదట. మధ్యాహ్నం, రాత్రి వంట మాత్రం ఇంకా ఆమెదే. ఐటీడీఏల పెట్టిన దరఖాస్తుకు జవాబు ఇంకా రాలేదు. మళ్ల పెడతమన్నడు.